తిప్పి వేసిన బండలు

మొన్న పూడూరు దగ్గర చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి, తిరుగుదారిలో వికారాబాద్‌లో దిగాను. తాండూరు రైలుకు ఇంకా చాలా సేపుంది. స్టేషన్‌లో కూర్చుంటే ఎండ. దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి నడిచాను. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ ఏ ఊరు వెళ్ళినా ముందు బస్టాండు, తర్వాత గ్రంథాలయం చూడడం అలవాటు. ఆ రెండు చోట్లా కాసేపు కూర్చుంటే ఊరి సంగతులు సగం తెలిసిపోతాయి.

లోపల కాలు పెట్టే సందు లేదు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు గదులు నింపి, వరండా నింపి, వేపచెట్టు కింది దాకా వచ్చారు. ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వారిదే, ఇంటి నుంచి తెచ్చుకున్నవి. కుర్చీ వీపు మీద పెయింటుతో పేరు రాసి, కాలికి సైకిలు గొలుసు చుట్టి, కిటికీ ఊచకు తాళం వేసుకున్నారు. చెట్టు కింద ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చుని పేపరు విప్పాను.

కాసేపటికి ఒక అబ్బాయి టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మేడం, గది నా కుర్సీ."

పక్కనున్న అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది. "కూసోనియ్యరాదు. పెద్దమనిషి."

"పెద్దమనిషే. కానీ ఎగ్జామ్ నాకుంది గదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి లేచాను. అతనికే మనసొప్పలేదేమో, ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి వేశాడు. "ఏమనుకోకుండ్రి మేడం. ఒక్కపారి జాగ పోయిందంటే మళ్ళ దొర్కది" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు తాండూరులో, ఇంతకంటే చాలా చిన్న లైబ్రరీలో, కుర్చీల మీద కాకుండా బండల మీద ఇదే తగాదా జరిగింది. ఆ తగాదాలో మా అమ్మ ఉంది.

*

మా వాడలో అన్నీ బండలే. గోడలు బండలు, కప్పు బండలు, పెరటి కంచె బండలు, పశువుల తొట్టి బండలు. గనుల నుంచి లారీల్లో వచ్చిన రాయిని యంత్రాల మీద కోసి పాలిష్ పట్టేవారు. నీలం బండ, పసుపు బండ అని రెండు రకాలు. కోత యంత్రాల మోత పొద్దున మొదలైతే పొద్దు గూకేదాకా ఆగేది కాదు. మోరీల్లో నీళ్ళు పాలలా తెల్లగా పారేవి. మా నాయిన పాలిష్ పనికి పోయేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. తడిసిన రాతి వాసన ఆయన చొక్కాలోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

అమ్మ పప్పు మిల్లుకు పోయేది. కందుల కాలంలో వాడంతా ఒక రకమైన కమ్మటి వాసన, వేయించీ వేయించని పప్పు వాసన. పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి, గిన్నెడు ముందు పెట్టి పోతే మేం పిల్లలం మధ్యాహ్నందాకా వాటితోనే గడిపేవాళ్ళం.

మిల్లుకు ఎదురుగా ఒక పాత కందుల గోదాము ఉండేది. అందులో వాడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న లైబ్రరీ. దాన్ని చూసుకునే ఆయనను మేం సారు అనే పిలిచేవాళ్ళం. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వచ్చేవారు. చేతిలో పులిహోర డబ్బా, భుజం మీద తువ్వాలు. వచ్చీ రాగానే తువ్వాలుతో బీరువాలు దులిపి, అదే తువ్వాలుతో మొహం తుడుచుకునేవారు. పుస్తకాల మధ్య వేపాకు, కలరా ఉండలు పెట్టేవారు. ఆ తెల్లటి ఉండ ఒకటి పిప్పరమెంటు అనుకుని నేను నోట్లో వేసుకుని, మూడు పూటలు అన్నం సహించక మంచం మీద పడున్నాను.

పేరుకు లైబ్రరీ గానీ అక్కడ జరగని పని లేదు. గుమ్మం పక్కన నల్లగా తడిపిన ఒక బండ మీద సారు రోజూ చాక్‌పీసుతో కందుల ధర, కొడంగల్ బస్సు టైము, వాన కబురు రాసేవారు. కంటి డాక్టర్లు వస్తే అక్కడే కూర్చునేవారు. పిల్లలకు సూదులు అక్కడే. పొద్దున ఉర్దూ పేపరు చదివే తాతలు వంతులేసుకుని పైకి చదివేవారు, ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఆ వార్త అబద్ధమనేవారు.

అసలు సంగతి నేల. గోదాముది మట్టి నేల. ఎంత అలికినా చెదలు వచ్చేవి. కింది అరలోని పుస్తకాలు తీస్తే అట్టలు చేతిలోకి వచ్చి, లోపలిది మట్టిగా రాలేది. మరోవైపు, పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే ధరావతు కట్టాలని నియమం. రాళ్ళ పనివాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడో గానీ చేతిలో పైసలుండవు.

"పైసలైతే లేవు సారూ. బండలైతే ఉన్నయి" అన్నాడట ఎవరో నవ్వులాటకు.

సారు నవ్వలేదు. ఆలోచించారు. ఆ మర్నాటి నుంచి ధరావతు అంటే ఒక బండ. ఇంటికొకటి. తెచ్చినవాళ్ళ బండను తెచ్చినట్టే నేల మీద పరిచేవారు. ధరావతుకు ఉండే నియమమే దీనికీ పెట్టారు. "సభ్యత్వం వద్దనుకున్ననాడు మీ బండ మీకు వాపసు" అని ప్రతివాళ్ళకూ గట్టిగా చెప్పేవారు. ఆ మాట ఎంత గట్టిగా చెప్పారో, దాని వల్లే అంతగా ఇరుక్కున్నారు తర్వాత.

అలా కొంత నీలం, కొంత పసుపు, కొంత చిన్న, కొంత పెద్ద, గోదాము నేలంతా అతుకుల బొంతలా తయారైంది. బీరువాల కాళ్ళ కింద ముందు పడ్డాయి కాబట్టి చెదలు తగ్గాయి. కానీ సారు అనుకోనిది ఒకటి జరిగింది. ఎవరి బండ మీద వాళ్ళే కూర్చోవడం మొదలుపెట్టారు.

*

మా బండ నీలంది. మా నాయిన పనిచేసే చోట ఒక మూల విరిగిందని పక్కన పడేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. వెనక వరసలో, తలుపు దగ్గర పడింది. మొదటి వరసలో, ఉన్న ఒక్క ఫ్యాను కింద, సారు రాసే నల్లబల్లకు ఎదురుగా ఉన్నది పటేలమ్మది. పెద్దేముల్ దిక్కు భూములున్న కుటుంబం, పిల్లల చదువుకని తాండూరులో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళ బండ పసుపుది, ఇద్దరు కాళ్ళు చాపుకుని కూర్చునేంత పెద్దది, మొహం కనిపించేంత నున్నటిది. ఎవరైనా దాని మీదుగా నడిచినా పటేలమ్మ వాళ్ళ కాళ్ళ వైపు చూసేది. ఆ చూపుకే జనం చుట్టూ తిరిగి పోయేవారు.

మధ్యాహ్నం ఒక గంట ఆడవాళ్ళకు. మిల్లులో అన్నం బెల్లు కొట్టగానే అమ్మావాళ్ళు రొట్టెల మూటలతో రోడ్డు దాటి వచ్చేవారు. జొన్న రొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ. గోదామంతా రొట్టెల వాసన. సారు ముందు పేపరు చదివేవారు, తర్వాత ఏదో ఒక కథ. మధ్యలో అడ్డం పడేవాళ్ళే ఎక్కువ.

"ఆగుండ్రి సారూ. గామె ఇల్లిడిసి పోయిందంటరు. పిల్లను ఎవలకిచ్చి పోయింది?"

"అది రాయలేదమ్మా కథలో."

"రాయకుంటె ఎట్ల? పిల్ల ఏడ్వదా?"

ఇలా అడ్డం తగిలేది ఎక్కువగా కన్నడవ్వ. సరిహద్దు అవతల పుట్టి, పెళ్ళితో ఇక్కడికొచ్చి, ముసలిదైనా రెండు భాషలూ సగం సగం కలిపి మాట్లాడే మనిషి. సారు కథ తొందరగా ముగిస్తే "యాక సారూ, ఎందుకింత జల్ది? రైలు టైమయిందా?" అని ఎత్తిపొడిచేది.

చివర కాసేపు అక్షరాలు. సారు నల్లబల్ల మీద రాసేవారు, ఆడవాళ్ళు నేల మీదే సుద్దముక్కతో దిద్దేవారు. కింద బండే కదా, పలక కొనే పని లేదు. తడి చెయ్యి పెడితే చెరిగిపోయేది. చదువు వచ్చినవాళ్ళకు ఒక పరీక్ష. ఎవరి సాయం లేకుండా, గంటకు వచ్చిన అందరి ముందూ నిలబడి, సారు ఇచ్చిన పుస్తకంలో ఒక పేజీ పైకి చదవాలి. అప్పుడు ఆమె పేరు మీద సొంత కార్డు ఇచ్చేవారు.

అమ్మకు ఆ కార్డు కావాలి. మా ఇంటి కార్డు నాయిన పేరు మీదుంది. ఆయన పుస్తకం ముట్టింది లేదు. "రేషన్ కార్డు మీ నాయిన పేరు మీదనే. ఇల్లు మీ నాయిన పేరు మీదనే. నా పేరు రాసి ఉన్నది ఒక్కటన్న ఉండాలె గద బిడ్డా" అనేది నాతో. రాత్రి రొట్టెలు చేస్తూ, పొయ్యి వెనక గోడబండ మీద బొగ్గుతో రాసేది. రొట్టె తిప్పి, అక్షరం రాసి, మళ్ళీ రొట్టె తిప్పి. నాయిన అన్నానికి కూర్చుని "ఇల్లంత మసి జేస్తున్నవు" అని గునిసేవాడు.

మాకు, అంటే పిల్లలకు, మధ్యాహ్నం గంట అంటే వేరే. పటేలమ్మ బిడ్డ నా ఈడుదే. తల్లి పక్కన బుద్ధిగా కూర్చోలేక వెనక్కి వచ్చి మా బండ మీద నాతో కూర్చునేది. కందికాయలు నావి, బెల్లం ముక్క ఆమెది. తొక్కలు పడేస్తే సారు తిడతారని, పటేలమ్మ లేని వేళ చూసి ఆ పసుపు బండ అంచు కింద దోపేవాళ్ళం. అక్కడ ఒక సందుండేది. సారు చాక్‌పీసులు కూడా కొన్ని అందులోకే పోయాయి.

*

అమ్మకు చూపు తక్కువ. తలుపు దగ్గర కూర్చుంటే నల్లబల్ల మీది అక్షరం అలుక్కుపోయినట్టు కనిపించేదట. ఒకసారి పటేలమ్మ పెళ్ళిపిలుపుకు పెద్దేముల్ పోయి కొన్నాళ్ళు రాలేదు. ఫ్యాను కింద బండ ఖాళీగా ఉంది. ఎదురుగా నల్లబల్ల.

"పో, ముందటికి కూత్కో. ఎవలున్నరు?" అని కన్నడవ్వే అమ్మను తోసింది.

అమ్మ వెళ్ళి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె చదువు గబగబా సాగింది. బల్ల మీద సారు ఏం రాసినా అందరికంటే ముందు చదివేది. ఇంకొన్నాళ్ళయితే పేజీ చదువుతుందని సారే అన్నారు.

పటేలమ్మ చెప్పాపెట్టకుండా తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. అమ్మ వెంటనే లేచి, పైటకొంగుతో బండ తుడిచి పక్కకు జరిగింది. అక్కడితో అయిపోవాల్సింది. పటేలమ్మ మాట్లాడకుండా మూలనున్న కుండ దగ్గరకు పోయి, చెంబుడు నీళ్ళు ముంచుకొచ్చి, ఆ బండ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోసింది. నీళ్ళు పారేదాకా ఆగి, కొంగు ఎత్తి కూర్చుంది.

మేం చర్చికి పోయేవాళ్ళం. మా తాత, ముత్తాతలు పటేలమ్మ వాళ్ళలాంటి వాళ్ళ పొలాల్లో పనిచేసినవాళ్ళు. ఆ నీళ్ళెందుకో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అమ్మ గొంతు పెంచలేదు. "మీ బిడ్డ రోజు మా బండ మీదనే కూసుంటదమ్మా. మేమైతే ఎన్నడు కడగలే" అంది.

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక కిసుక్కుమన్నారు. పటేలమ్మ మొహం ఎర్రబడింది. లేచింది.

"సారూ, మా బండ మాకు ఇచ్చేయిండ్రి. మాకొద్దు మీ లైబ్రరీ."

"అమ్మా, జర నిమ్మళంగ…"

"వాపసిస్తనని మీరే అన్నరు గదా?"

అన్నారు. ప్రతివాళ్ళతో గట్టిగా అన్నారు. మర్నాడు ఎడ్లబండి వచ్చింది. పటేలమ్మ పాలేరు గడ్డపార దూర్చి పసుపు బండను లేపాడు. దాని కింద ఎండిపోయిన కందికాయ తొక్కలు కుప్ప, చింతగింజలు, తెల్లగా సుద్ద ముక్కలు.

"సారూ, గివి మీ చాక్‌పీసులు గాదా?" అన్నాడు పాలేరు.

సారు వంగి ఒక్కొక్కటీ ఏరుకుని జేబులో వేసుకున్నారు. నేనూ పటేలమ్మ బిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె తల్లి వెంట బండి ఎక్కి పోయింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది గానీ, తల్లి చూడకుండా.

*

అంతటితో ఆగలేదు. "వాళ్ళదే పోయినంక మాదెందుకు ఈడ?" అని ఒకరు. "మాకు బట్టలు ఉతుక్కునేతందుకు బండ లేదు, ఎట్లాగు ఇస్తున్నరు గదా" అని ఇంకొకరు. వారం తిరిగేసరికి మొదటి వరస సగం, మధ్య వరస కొంత లేచిపోయింది. నోట్లో పళ్ళూడినట్టు నేలంతా గుంటలు. వానలు మొదలయ్యాయి. గోదాము కప్పు కారి, గుంటల్లో నీళ్ళు నిలిచాయి. నున్నటి బండలు, వాటి మీద బురద. కన్నడవ్వ కాలు జారి పడింది, దెబ్బ తగల్లేదు గానీ తిట్లు చాలా తిట్టింది.

సారు గుమ్మం బండ మీద కందుల ధర కింద రాశారు. నేల బాగయ్యేదాకా ఆడవాళ్ళ గంట లేదు.

అమ్మ ఆ మాట తనే చదువుకుంది. ఎవరూ చదివి చెప్పలేదు. అలా చదివి, అక్కడే నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక నాయిన అన్నాడు. "ఇగ మనది కూడ తెచ్చుకుందం. పెద్దోళ్ళతోని మాటలు పడుకుంట ఆడ కూసునుడెందుకు? నీళ్ళకాడ ఏసుకుంటె కాళ్ళు కడుక్కోను పనికొస్తది."

"నేను సదివినంక తెచ్చుకో."

"గంటే లేదంటున్నరు, ఇంకేం సదువుతవు?"

మర్నాడు మిల్లు బెల్లు కొట్టినప్పుడు నేను అమ్మ వెంటే ఉన్నాను. గంట లేకపోయినా అమ్మ పోయి మా బండ మీద కూర్చుంది. ఆమెను చూసి కన్నడవ్వ, ఇంకో నలుగురైదుగురు వచ్చారు. రొట్టెల మూటలు విప్పుతుంటే నాయిన గడ్డపార భుజాన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"లెవ్వు" అన్నాడు.

"తింటున్న."

"తిన్నంక లెవ్వు."

"తిన్నంక సదువుకుంట."

"బండ నాది. కార్డు నా పేరు మీదున్నది. అడుగు సారును."

సారు పేపరు మడత పెడుతున్నారు. అమ్మ రొట్టె తుంచి పుంటికూర అద్దుకుంటూ అంది. "బండ నీదే. కాదన్ననా? నన్ను గూడ తీసుకపో దాని మీద పెట్టుకొని. ఇద్దర్ని మోస్తవా?"

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. కన్నడవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది. నాయినకు కూడా మూతి చివర నవ్వు వచ్చింది, దాన్ని దాచుకోవడానికి గడ్డపార నేలకు ఆనించి అటూ ఇటూ చూశాడు. గుంటలు చూశాడు. బురద చూశాడు. రాళ్ళ పనివాడి కన్ను ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది.

"గీ వానలకు నున్నటిదిక్కు మీదికి ఏస్తె పడకేం జేస్తరు?" అన్నాడు ఎవరినో తిడుతున్నట్టు. "తిప్పి ఏస్తె కాలు నిలుస్తది."

"మరి ఏస్తవా, చెప్పి పోతవా?" అంది కన్నడవ్వ.

తెచ్చిన గడ్డపార ఊరికే పోలేదు. అమ్మ లేచింది. నాయిన మా బండను పెకలించి, తలుపు దగ్గర నుంచి దొర్లించుకుంటూ ముందుకు తెచ్చి, పటేలమ్మ బండ లేచిపోయిన గుంటలో, పాలిష్ లేని వైపు పైకి వచ్చేటట్టు వేశాడు. గుంట పెద్దది, మా బండ చిన్నది. చుట్టూ మొరం వేసి కూరాడు. తర్వాత మిగిలినవాళ్ళు మాదీ తిప్పు, మాదీ తిప్పు అన్నారు. సాయంత్రం ఇంకో ఇద్దరు పనివాళ్ళు వచ్చారు. ఉన్న బండలన్నీ నల్లబల్ల దగ్గరికి జరిపి, గరుకు వైపు పైకి పెట్టి పరిచారు. నేల చిన్నదయింది. తలుపు దిక్కున సగం గది మట్టిగానే మిగిలింది.

మరుసటి రోజు అమ్మలక్కలు వచ్చి వెతుక్కున్నారు.

"ఇది మాది."

"మీదని ఏం గుర్తు వదినె? మాది గూడ గిట్లనే ఉండె."

"మాదానికి ఇక్కడ గీత ఉండె."

"గీత కిందికి పోయింది. ఎలుకను అడుగు."

కాసేపు వెతికి, విసుగొచ్చి, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. ఒక్క మా బండనే ఎవరైనా గుర్తుపట్టగలరు, దాని మూల విరిగింది కాబట్టి. సారు గుమ్మం బండ మీది మాట తడిగుడ్డతో తుడిచేశారు.

*

పటేలమ్మ ఇల్లు పక్క వీధిలోనే. ఆమెకు చదువు రాదు. ఇంట్లో చదివి వినిపించేవాళ్ళు లేరు, బిడ్డ ఇంకా చిన్నది, కొడుకులు పై చదువులకు హైదరాబాదులో. కొన్నాళ్ళకు ఆమె బిడ్డ వచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది. "మా అమ్మ అడగమన్నది. గా ఇల్లిడిసిపోయినామె కథ ఏడిదాంక వచ్చింది?"

"బండ తీస్కపోయినోళ్ళకు కథ ఎందుకంట?" అన్నారెవరో.

అమ్మ ఆ పిల్లను లోపలికి పిలిచింది. "ఇంటికొచ్చింది, పిల్లను తీసుకున్నది అని చెప్పు మీ అమ్మకు" అంది. పిల్ల పరుగెత్తింది. మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది. కందికాయల కాలం కాదు, బెల్లమే ఇద్దరం తిన్నాం.

అమ్మ పేజీ చదివే రోజు వచ్చింది. మిల్లులో అన్నం బెల్లు మోగీ మోగగానే వచ్చేసింది. తలకు నూనె రాసుకుని, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. నాయిన పనిలోంచి వచ్చి తలుపు దగ్గర మట్టి మీద గొంతుక్కూర్చున్నాడు. తెల్లటి కనుబొమ్మలతోనే. సారు పుస్తకం విప్పి ఒక పేజీ చూపించారు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ ఒక ముసలామె అడవిలోకి పోయే కథ.

అమ్మ మా బండ మీద నుంచి లేచి నల్లబల్ల పక్కన నిలబడింది. బండ మీద నేనూ, పటేలమ్మ బిడ్డా మిగిలాం. సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెలుతురు తగ్గింది. పటేలమ్మ.

ఎవరూ రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. ఆమె గది చూసింది. నేల అంతా ఒకే తీరుగా, గరుకుగా. ఖాళీ ఉన్నది ఒక్క ఫ్యాను కిందే, మా దగ్గర. నడిచి వచ్చింది. బండ ముందు ఆగి, విరిగిన మూల వైపు చూసింది. అది ఎవరి బండో ఆమెకు తెలిసింది. మూలన నీళ్ళ కుండ ఉంది, చెంబు దాని మీదే బోర్లించి ఉంది. అందరం కుండ వైపే చూశాం.

"జరుగు బిడ్డా" అంది నాతో. నేను జరిగాను. ఆమె కూర్చుంది.

అమ్మ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా పొయ్యి మీద రొట్టె తిప్పినట్టు, చూసుకుంటూ. ఒకచోట ఆగిపోయింది. సారు పెదవులు కదిలాయి.

"చెప్పొద్దు సారూ" అని కన్నడవ్వ కసిరింది.

అమ్మ మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం పట్టుకుని, ఈసారి దాటేసింది. ముసలామె వాగు దాకా పోయింది. చీకటి పడుతోంది. వాగు అవతల ఎక్కడో మెడగంట వినిపించింది. అక్కడికి పేజీ అయిపోయింది. అమ్మ తలెత్తింది. నుదుటి మీద చెమట. సారు చేయి కార్డుల పెట్టె మీదికి పోయింది. నియమం ప్రకారం పరీక్ష అయిపోయినట్టే.

"ఆగినవేంది?" అంది పటేలమ్మ.

అమ్మ ఆమె వైపు చూసింది.

"బర్రె దొరికిందా, లేదా? తిప్పు."

అమ్మ వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది. ఆ పేజీ, తర్వాతి పేజీ, మిల్లు బెల్లు కొట్టేదాకా చదివింది. మధ్యలో తప్పులు పోయాయి, ఎవరూ లెక్కపెట్టలేదు. బర్రె దొరికింది. దాని పక్కన దూడ కూడా ఉంది.

పటేలమ్మ క్షమించమని అడగలేదు. అమ్మ అడిగించుకోలేదు. ఆ తర్వాత చాలా కాలం ఆమె మధ్యాహ్నం గంటకు వచ్చింది. పసుపు బండ మాత్రం తిరిగి తేలేదు, వాళ్ళ పెరట్లో బట్టలుతికే చోట స్థిరపడిపోయింది. కార్డు లేని మనిషిగానే వచ్చి, మా బండ మీద మాతోపాటు కూర్చునేది. కూర్చునేటప్పుడు మాత్రం ప్రతిసారీ కొంగుతో ఒకసారి దులిపేది. అది బురద కోసమో, పాత అలవాటో నేను చెప్పలేను.

*

వికారాబాద్ చెట్టు కింద స్టూలు మీద కూర్చుని ఇదంతా నెమరేసుకునేసరికి రైలు టైమైంది. కుర్చీ అబ్బాయి తలెత్తి "పోతున్నరా మేడం?" అన్నాడు. పరీక్ష బాగా రాయమని చెప్పి వచ్చాను.

తాండూరులో దిగి, ఇంటికి పోకుండా పాత వాడకు నడిచాను. పప్పు మిల్లు మూతపడింది. గోదాము చోట ఇప్పుడు టైల్స్ దుకాణం, అద్దాల తలుపులు. బండల ఊళ్ళో టైల్స్ బాగానే అమ్ముడుపోతున్నాయట. లైబ్రరీ ఎప్పుడో మూతపడింది, పుస్తకాలు ఎక్కడికో తరలిపోయాయి. దుకాణం వెనక, సరుకు దించే చోట, నేల మీద పాత బండలు అలాగే ఉన్నాయి. గరుకు వైపు పైకి. ఒక నీలం బండకు మూల లేదు.

"పాత గోదాముల ఉండెనంట. ఎవలవో తెల్వదు" అన్నాడు దుకాణం కుర్రాడు. "కావాల్నా మేడం? తీసుకపోండ్రి. ఆటోల ఏసిస్త."

మోకాళ్ళ మీద కూర్చుని దాని మీద చెయ్యి పెట్టాను. ఎండకు వేడిగా ఉంది. ఇంట్లో అమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్ళిచీర మడతల్లో, ఆమె పేరు రాసిన ఆ కార్డు ఇంకా ఉంది. అమ్మ పోయి చాలా కాలమైంది.

"వద్దులే, ఉండనియ్యి" అన్నాను.

సభ్యత్వం వద్దనుకున్ననాడు బండ వాపసు అన్నారు సారు. అమ్మ ఎన్నడూ వద్దనుకోలేదు.